బర్మా నుంచి వచ్చిన పిల్లవాడి మొక్కు

1964లో బర్మా ప్రభుత్వం అంగళ్లను జాతీయం చేసింది. బతుకుతెరువు పోయిన తెలుగువాళ్లు, తమిళులు ఓడలెక్కి మద్రాసు, విశాఖ రేవుల్లో దిగారు. మన చూలైకి దగ్గర్లోని వ్యాసర్పాడిలో చాలామంది స్థిరపడ్డారు.

వాళ్లలో ఒక తెలుగు పిల్లవాడు క్యాథలిక్ బడిలో నాతో తమిళ మీడియం చదివాడు. పెద్దల సమ్మతి లేనిదే ఎయిడెడ్ బడిలో మతబోధ తప్పనిసరి చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. అందుకే క్రైస్తవ పిల్లలకు జ్ఞానోపదేశం, మాకు నీతిబోధ. వాడు మాత్రం రోజూ మరియమ్మ విగ్రహం ముందు నిలబడేవాడు. ఇంట్లో మొక్కేది వెంకన్నకే. ఎందుకురా అంటే, "అవ్వ రంగూన్‌లోనే ఉండిపోయింది. ఎవరు వింటారో ఏమో" అన్నాడు.

ఉద్యోగమంతా ఫైళ్లతో గడిపినవాణ్ణి. ఎవరికి ఎంత లోను ఇచ్చారో ఫైళ్లలో ఉంటుంది. పిల్లలు ఏమని మొక్కారో ఉండదు. మీ ఇంట్లో బర్మా నుంచి వచ్చిన పెద్దలుంటే అడిగి ఇక్కడ రాయండి.