బందరు దయ్యాలకు ఒక దివిటీ

దయ్యాల కథలు లేని పాత ఊరు ఉండదు. అందులోనూ సముద్రపు ఒడ్డున ఉన్న ఊరైతే చెప్పనే అక్కర్లేదు. ఓడలెక్కి వచ్చి జ్వరాలతో పోయినవాళ్లు, వేటకు వెళ్లి తిరిగి రానివాళ్లు, తుఫానుకు కొట్టుకుపోయినవాళ్లు, ఇంతమంది ఉన్నచోట కథలకేం కొదవ? మన తెలుగునాట అలాంటి ఊరు ఒక్కటి చెప్పమంటే నేను బందరు పేరే చెబుతాను. బందరు అనగానే మనవారికి లడ్డూ, చిలకలపూడి నగలు, కలంకారీ అద్దకం గుర్తుకు రావడం సహజం. ఈ దీపావళి సంచికలో మాత్రం బందరు దయ్యాల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. పిల్లలను భయపెట్టడానికి కాదు. ఆ కథల అడుగున ఒక పెద్ద దుఃఖం ఉంది. అది మనం మరిచిపోతున్నాం.

ముందు ఊరి సంగతి. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట గ్రీకు భాషలో రాసిన నావికుల గ్రంథంలోనే ఈ తీరానికి మసాలియా అనే పేరు, ఇక్కడి సన్నబట్టల ప్రస్తావన ఉన్నాయి. గోల్కొండ సుల్తానుల కాలానికి అది వారి రాజ్యానికి ముఖ్యమైన రేవు. 1605లో డచ్చివారు వచ్చారు. 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు వచ్చి వ్యాపారం పెట్టుకున్నారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి చేతిలోంచి కోటను పట్టుకున్నాడు. చివరికి ఒకరి తర్వాత ఒకరు అందరూ వెళ్లిపోయారు. పేర్లు మాత్రం పోలేదు. డచ్చివారిని మనవాళ్లు వలందావారు అన్నారు, వారి చోటు వలందపాలెం అయింది. ఫ్రెంచివారు పరాసులు, వారి పేట పరాసుపేట. ఇంగ్లీషుపాలెం సంగతి వేరే చెప్పక్కర్లేదు. మనుషులు పోయి పేరు మిగలడమే దయ్యమైతే బందరులో పేటకొక దయ్యం ఉన్నట్టే!

ఈ దొరల్లో చాలామంది బందరు మట్టిలోనే కలిసిపోయారు. డచ్చివారి సమాధుల తోట ఈనాటికీ ఉంది. రాతి పలకల మీద వంశచిహ్నాలు, పేర్లు, తేదీలు శ్రద్ధగా చెక్కించారు. ఊరికీ కోటకూ మధ్య అప్పట్లో చిత్తడి నేల. ఆ చిత్తడి మధ్య కోటలో కాపురమంటే జ్వరాలతో కాపురమే. పాడుబడ్డ గోడలు, గబ్బిలాలు, చుట్టూ ఉప్పునేల. ఇవన్నీ ఉన్నచోట చీకటి పడ్డాక అటు వెళ్లవద్దని పెద్దవాళ్లు చెప్పడంలో వింతేమీ లేదు.

బందరులో అందరికీ తెలిసిన కథ అరబెల్లా రాబిన్సన్‌ది. ఆమె 1809లో చనిపోయింది. ఆమెను ప్రేమించిన సైన్యాధికారి జాన్ పేటర్. మతశాఖలు వేరు కావడంతో ఆమెను తమ శ్మశానంలో పూడ్చడానికి చర్చివారు ఒప్పుకోలేదని, ఆయన విడిగా స్థలం కొని అక్కడ సమాధి చేసి, దాని మీదనే సెయింట్ మేరీస్ చర్చి కట్టించాడని చెబుతారు. చర్చి ఉంది, సమాధి ఉంది. ఆ పైన ఊరివాళ్లు అల్లినది మరొకటి ఉంది. ఆమె శరీరం చెడకుండా మందులు పూసి గాజు పెట్టెలో ఉంచారనీ, ఒక మర నొక్కితే ఆమె లేచి నిలబడేదనీ! డాక్టర్లకు నమ్మశక్యం కాకపోయినా కథ మాత్రం అందమైనది. షాజహాను కథ వంటిదే మన బందరులోనూ ఉందని చెప్పుకోవడం ఊరివాళ్లకు ఇష్టం.

ఒక్క విషయం గమనించండి. డచ్చి దొరలకు పేరు చెక్కిన రాయి ఉంది. అరబెల్లాకు ఏకంగా చర్చి ఉంది. రాయి గానీ పేరు గానీ లేనివాళ్ల మాటేమిటి? అసలు కథ అక్కడే మొదలవుతుంది.

అది 1864 నవంబరు 1వ తేదీ రాత్రి. పగలంతా గాలివాన. రాత్రి సముద్రం లేచి ఊరి మీదకు వచ్చింది. మామూలు పోటు మట్టానికి 13 అడుగుల పైన నీరు నిలిచిందని, కొన్నిచోట్ల 17 మైళ్ల దూరం లోపలికి చొచ్చుకు వచ్చిందని నాటి రికార్డులు చెబుతున్నాయి. తెల్లవారేసరికి బందరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ దాదాపు 30,000 మంది పోయారు. మిషనరీల బడిలో ఉండి చదువుకుంటున్న ఆడపిల్లలు కూడా అందులో ఉన్నారు. బందరు రేవు వైభవం ఆ రాత్రితో ముగిసింది. ఆ తర్వాత కోటలో సైన్యం కూడా మిగలలేదు.

ఇంజనీరు మిత్రులు అడుగుతారు, అంత నీరు ఎలా వచ్చిందని. కృష్ణా డెల్టా బల్లపరుపు నేల. తీరం పక్కన సముద్రం లోతు తక్కువ. తుఫాను గాలి నీటిని ఒడ్డు వైపు నెట్టినప్పుడు, లోతున్నచోట అది కిందకు జారి వెనక్కు పోతుంది. లోతు లేనిచోట పోయే దారి లేక పైకి లేస్తుంది. అదే ఉప్పెన. దీనికి తోడు తిథి కూడా కలిసి వచ్చింది. 1864 అక్టోబరు 30న సూర్యగ్రహణం పట్టింది, అంటే ఆ రోజు అమావాస్య. అమావాస్య దాటిన రెండు రోజులూ సముద్రపు పోటు ఎక్కువ. పంచాంగం లెక్కన ఆ అమావాస్య దీపావళి అమావాస్యే. నవంబరు 1 కార్తీక శుద్ధ విదియ, అంటే యమద్వితీయ. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల ఇంట భోజనం చేసే భగినీహస్త భోజనం రోజు. ఆ పూట చెల్లెలింట చేయి కడుక్కుని లేచినవాళ్లు ఎంతమంది తెల్లవారి చూశారో!

ఇప్పుడు దయ్యాల సంగతికి వద్దాం. మన నమ్మకం ప్రకారం దయ్యం అయ్యేదెవరు? కాలం తీరకుండా పోయినవాడు, కర్మ చేసే దిక్కు లేనివాడు. ఒకరు పోతే కొడుకు ఉంటాడు, తమ్ముడు ఉంటాడు, లేదంటే పక్కింటివాడైనా ఉంటాడు. ఆ రాత్రి ఇల్లిల్లంతా, పేట పేటంతా పోయింది. తిలోదకాలు వదలవలసినవాడూ ఆ నీళ్లలోనే పోయాడు. శవాలను గుర్తుపట్టే వ్యవధి లేదు, విడివిడిగా దహనం చేసే వీలు లేదు. ఒక్క రాత్రిలో ముప్పై వేల మందికి కర్మ జరగలేదు. బ్రతికి బయటపడ్డవాళ్లు ఆ ఊళ్లోనే, ఆ వీధుల్లోనే మళ్లీ కాపురం పెట్టాలి. చీకట్లో వాళ్లకు కేకలు వినిపించాయంటే అది దయ్యాల కేక అందామా, మనసు పడ్డ బాధ అందామా? వైద్యం చదివినవాళ్లకు దీనికి ఇంకో పేరు తెలుసు. కానీ ఊరికి తెలిసిన పేరు దయ్యమే.

తీరంలో చెప్పుకునే కొరివి దయ్యాలకు చిత్తడి నేలల్లో పుట్టే వాయువు కారణమనవచ్చు, దూరాన జాలరి లాంతరు అనవచ్చు. పాడుబడిన బావి జోలికి పోవద్దనే మాటలోనూ వివేకం ఉంది. ఉప్పెన తర్వాత బావిలో ఉప్పునీరే కాదు, కళేబరాలూ ఉంటాయి. అది తాగితే అతిసారం, కలరా. సూక్ష్మక్రిములు అని చెబితే ఆనాడు ఎవరూ వినేవారు కాదు. బావిలో దయ్యముందంటే మాత్రం చంటివాడు కూడా వింటాడు.

ఇక్కడ అమెరికాలోనూ ఇలాంటి ఊరు ఒకటుంది. అది హ్యూస్టన్ దగ్గరి గాల్వెస్టన్. 1900 సెప్టెంబరు 8న వచ్చిన తుఫానులో అక్కడ 6,000 నుంచి 8,000 మంది పోయారు. అనాథ శరణాలయంలో సిస్టర్లు పిల్లలను తాళ్లతో తమ నడుములకు కట్టుకున్నారు. పదిమంది సిస్టర్లు, 90 మంది పిల్లలు పోగా ముగ్గురు అబ్బాయిలు మిగిలారు. ఆ పిల్లల ఏడుపు ఇప్పటికీ వినిపిస్తుందని చెప్పుకుంటారు. టిక్కెట్టు పెట్టి దయ్యాల చోట్లు చూపిస్తారు కూడా. కాని ఆ ఊరివాళ్లు అక్కడితో ఆగలేదు. సముద్రానికి అడ్డంగా గోడ కట్టారు, ఊరి నేల మట్టాన్నే పెంచారు, పోయినవారి పేర్లు ఒక్కొక్కటే సేకరించి గ్రంథాలయంలో భద్రపరిచారు. శరణాలయం ఉన్నచోట ఫలకం పెట్టారు. దయ్యాల కథ విన్నవాడు ఆ ఫలకం చదివి వెళతాడు.

మన బందరు మృతుల వల్ల లోకానికి మేలు జరగలేదని కాదు. అదే ఏడాది అక్టోబరు 5న కలకత్తాలో అంతకన్నా పెద్ద తుఫాను వచ్చింది. ఒక నెలలోపల జరిగిన ఈ రెండు ఘోరాలూ, ఆ తర్వాతి కరువులూ కలిసి ప్రభుత్వాన్ని కదిలిస్తే 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. అయినా 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారుల లెక్కనే సుమారు పదివేల మంది పోయారు. అదీ కార్తీక మాసమే. ఈనాడు బందరులో తుఫానులను కనిపెట్టే రాడారు ఉంది, ముందుగా జనాన్ని తరలించే ఏర్పాట్లు ఉన్నాయి. ఆ రాడారును చూస్తే నాకు అది ముప్పై వేల మందికి ఆలస్యంగా పెట్టిన పిండం అనిపిస్తుంది.

దీపావళినాడు దివిటీలు ఎందుకు వెలిగిస్తామో మన పిల్లలు అడిగితే, నరకాసురుడి కథ చెప్పి ఊరుకుంటాం. పెద్దలు చెప్పిన మాట ఇంకొకటి ఉంది. మహాలయ పక్షంలో భూమికి వచ్చిన పితృదేవతలు తిరిగి వెళ్లే దారిలో వెలుగు చూపడానికి ఆ దివిటీ. ఎవరి దివిటీ వారి పెద్దలకే. ఈ ఏడు మన ఇళ్లలో వెలిగించే వాటిలో ఒకటి, వెలిగించే దిక్కు లేకుండా పోయిన ఆ బందరు వాళ్ల పేర వెలిగిద్దాం. పేర్లు తెలియకపోతేనేం, తేదీ తెలుసు, ఊరు తెలుసు. పిల్లలు ఎవరి కోసమని అడుగుతారు. అప్పుడు వాళ్లకు దయ్యం కథ కాదు, ఊరి కథ చెప్పవచ్చు.