పొట్టి రైఫిల్ అడవికి ఆలస్యంగా ఎందుకొచ్చింది

దట్టమైన అడవిలో వేటకు పొట్టి తుపాకీ, తేలిక తుపాకీ కావాలన్నది వేట పుస్తకాల్లో తిరుగులేని మాట. అది కొమ్మలకు తగులుకోకూడదు, పొద్దంతా మోసినా భుజం పీకకూడదు, జింక ఒక తుప్పలోంచి లేచి ఇంకో తుప్పలో దూరేలోగా గురి కుదరాలి. వింటుంటే అడవే నేర్పిన పాఠంలా ఉంటుంది. అమెరికా తూర్పు అడవుల చరిత్ర చూస్తే మాత్రం సంగతి అంత సూటిగా లేదు. అక్కడ నూరేళ్లకు పైగా వేటగాళ్ల భుజాన ఉన్నది మనిషి గడ్డం దాకా వచ్చే పొడుగు తుపాకీ. పొట్టి రైఫిల్ రాజ్యం 19వ శతాబ్దం చివర్లో గానీ మొదలు కాలేదు. తుపాకీ పొడుగును తేల్చింది చెట్ల దట్టం కాదనీ, గొట్టంలో మండే మందేననీ నా వాదన. పొట్టి తుపాకీ అడవికి ఎప్పుడూ నప్పేదే. అయితే పొట్టిదనం కోసం వదులుకోవలసినవి 1890ల దాకా మరీ ఎక్కువ.

18వ శతాబ్దంలో జర్మనీ, స్విట్జర్లాండ్‌ల నుంచి పెన్సిల్వేనియాకు వలస వచ్చిన తుపాకీ పనివాళ్లు వెంట తెచ్చుకున్నది యేగర్ రైఫిల్. దాని గొట్టం అటూఇటూగా 30 అంగుళాలు, గుండు పెద్దది. మధ్య ఐరోపా అడవుల్లో పుట్టిన పొట్టి తుపాకీ అది. అంతకంటే పెద్ద అడవుల అంచుకు వచ్చాక అది ఇంకా పొట్టిది కావాలి కదా? జరిగింది తలకిందులు. లాంకాస్టర్ చుట్టుపక్కల కొలుముల్లో తరతరానికీ గొట్టం సాగి 40 అంగుళాలు దాటింది, బెజ్జం సన్నబడింది. మనం ఇప్పుడు కెంటకీ రైఫిల్ అంటున్నది దాన్నే. కారణం వేటగాడి సంచిలో ఉంది. నెలల తరబడి ఊరి ముఖం చూడని మనిషికి సీసం, మందు వీపున మోసుకునే బరువులు. 60 వందల వంతుల అంగుళం అడ్డుకొలత గల గుండ్లు ఒక పౌను సీసంతో ఇరవై చిల్లర వస్తాయి. 44 వందల వంతుల గుండైతే యాభైకి పైగా వస్తాయి. చిన్న గుండు గట్టిగా తగలాలంటే వేగం కావాలి. పొగ చిమ్మే ఆ పాతకాలపు నల్లటి మందు వేగం ఇవ్వాలంటే గుండును ఎక్కువ దూరం తోయాలి. గొట్టం అందుకే సాగింది. పైగా ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం పెరిగితే కంటి తప్పు తగ్గుతుంది. కొమ్మల తగులాటం వాళ్లకు తెలియక కాదు, తెలిసే భరించారు.

ఆ మందుతోనే పొట్టి కార్బైన్లు కూడా చేశారు కదా అని ఎవరైనా అడగవచ్చు. చేశారు, అవి గుర్రం మీది మనిషి కోసం. వాటికి ఏం చెల్లించారో అమెరికా సైన్యం లెక్కలోనే కనబడుతుంది. 1873 నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ తూటాలో 70 గ్రెయిన్ల మందు ఉంటే, అదే నమూనా కార్బైన్‌కు 55 గ్రెయిన్లే ఇచ్చారు. తేలిక తుపాకీలో నిండు మందు వేస్తే భుజానికి తగిలే దెబ్బ అలాంటిది. అదే ఏడాది వచ్చిన వించెస్టర్ 20 అంగుళాల కార్బైన్ చేతికి ఎంత హాయిగా ఉన్నా, దాని తూటా పిస్తోలులోనూ పేలేపాటిది. దగ్గర్లో నిలబడ్డ జింకను అది పడగొట్టింది, కాదనలేం. కానీ పొట్టిదనమంటే బలహీనత అన్న లెక్క మాత్రం మారలేదు.

ఆ లెక్కను మార్చింది పారిస్‌లో ఒక రసాయన శాస్త్రజ్ఞుడు. పాల్ వియే 1884లో పొగరాని మందు తయారుచేశాడు. కొంచెం మందు, ఎక్కువ వేగం. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894 నమూనా మొదట పాత మందు తూటాలతోనే వచ్చింది. 1895లో దానికి నికెల్ కలిపిన ఉక్కు గొట్టం పెట్టి, పొగరాని మందుతో 30-30 తూటా విడుదల చేశారు. సెకనుకు 1,900 అడుగులు దాటే వేగం, సుమారు 3 కిలోల బరువు, కార్బైన్ గొట్టం 20 అంగుళాలు, మొత్తం పొడుగు మూడడుగుల పైచిలుకు. 26 అంగుళాల గొట్టాన్ని 20కి కోస్తే పోయే వేగం సెకనుకు వంద అడుగుల అటూఇటూ. నూరు గజాల లోపు వేటలో జింకకు ఆ తేడా తెలియదు. ఒక శతాబ్దం పాటు వేటగాడు పొడుగుతో కొనుక్కున్న బలం ఇప్పుడు తూటాలోనే దొరికింది.

ఇంకో ఆక్షేపణ ఉంది, అది బరువైనదే. అడవి మారలేదని ఎవరన్నారు? 19వ శతాబ్దంలో తూర్పు అడవులను కలప కోసం, సేద్యం కోసం నరికేశారు. నరికినచోట, రైతులు విడిచిపోయిన పొలాల్లో మళ్లీ మొలిచింది సన్నకొమ్మల చిట్టడవి. పాత మహావృక్షాల నీడలో నేల మీద తుప్పలు తక్కువ, చూపు దూరం పారేది. కాబట్టి పొట్టి తుపాకీని కోరింది ఈ కొత్త అడవే అనవచ్చు. ఇందులో నిజముంది, పొట్టి తుపాకీకి గిరాకీ పెరగడంలో దీని పాలు ఉందని ఒప్పుకుంటాను. కానీ కెంటకీలో మనిషి కనబడని వెదురుపొదలు, అపలాచియన్ కొండల్లో అల్లుకుపోయిన పొదలు పాతకాలంలోనూ ఉన్నాయి. డేనియల్ బూన్ తరం వేటగాళ్లు వాటిలోకి పొడుగు తుపాకీతోనే దూరారు. దట్టం ఒక్కటే చాలేదైతే, గొట్టం అప్పుడే తెగి ఉండేది.

తుప్పల వేట తుపాకీకి అంటగట్టిన మరో గొప్పను మాత్రం నేను ఒప్పుకోను. బరువైన, మొద్దుముక్కు గుండు కొమ్మల్ని చీల్చుకుని తిన్నగా పోతుందని అంటారు. ఏ గుండైనా కొమ్మ తగిలితే పక్కకు పోతుంది. ఎంత పోతుందన్నది ఎక్కువగా ఆ కొమ్మ జంతువుకు ఎంత దూరంలో ఉందన్నదాని మీద ఉంటుంది. పొట్టి రైఫిల్ మేలు గుండులో లేదు, చేతిలో తిరగడంలో ఉంది. ఇక్కడ పొట్టిదనాన్నీ తేలికదనాన్నీ విడదీసి చూడాలి. జిమ్ కార్బెట్ కుమావూఁలో మోసిన 275 రిగ్బీ పొట్టిదేమీ కాదు, తేలికది. 1930లో నరమాంసం మరిగిన చౌగఢ్ ఆడపులి ఎదుటపడ్డప్పుడు ఆయన ఎడమచేతిలో పక్షిగుడ్లు ఉన్నాయి. కుడిచేత్తోనే రైఫిల్‌ను తిప్పి కాల్చాడు. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో పులి కోసం తిరిగిన కెన్నెత్ ఆండర్సన్‌కు ఇష్టమైనది మాత్రం బ్రౌనింగే రూపొందించిన 405 వించెస్టర్. అది మరింత బరువు, మరింత బలం. జింకకూ నరమాంసం మరిగిన పులికీ లెక్క ఒకటి కాదు. అయినా ఇద్దరి తుపాకుల్లోనూ ఉన్నది పొగరాని మందే.

ఆ మందే నిలబెట్టిన వించెస్టర్ 1894 నమూనాలో పది లక్షలవ తుపాకీని 1927లో అధ్యక్షుడు కూలిజ్‌కు బహూకరించారు. న్యూ హేవెన్ కార్ఖానా 2006లో మూతపడేనాటికి ఆ లెక్క 70 లక్షలు దాటింది.