యారోవియా లిపోలిటికా

యారోవియా లిపోలిటికా ఒక రకమైన ఈస్ట్. ఇది ఆస్కోమైకోటా విభాగానికి చెందిన శిలీంధ్రము. రొట్టెలు, మద్యం తయారీలో వాడే ఈస్ట్ వలె ఇది చక్కెరను పులియబెట్టి ఆల్కహాలుగా మార్చలేదు. దీని ప్రత్యేకత వేరు. కొవ్వులు, నూనెలు, ముడి చమురులోని కొన్ని హైడ్రోకార్బన్లు దీనికి ఆహారము. ఈ ఒక్క లక్షణం వలన ఇది చమురు కాలుష్యాన్ని తగ్గించుటకును, పరిశ్రమలలో పలు పదార్థాల ఉత్పత్తికిని ఉపయోగపడుచున్నది.

పేరు, లక్షణాలు

పూర్వం దీనిని కాండిడా లిపోలిటికా అనేవారు. 1980లో వాన్ డెర్ వాల్ట్, ఫాన్ ఆర్క్స్ అను శాస్త్రజ్ఞులు దీనిని కొత్త ప్రజాతిగా గుర్తించి, నెదర్లాండ్స్ లోని డెల్ఫ్ట్ కు చెందిన డేవిడ్ యారో పేరు పెట్టారు. లిపోలిటికా అనగా కొవ్వును విడగొట్టేది అని అర్థము. జున్ను, మాంసము, చమురు కలిసిన నేల, సముద్రజలం దీని నివాసాలు. పరిస్థితులను బట్టి గుండ్రని కణాలుగాను, పొడవైన పోగులుగాను పెరుగుతుంది. గాలి లేనిదే పెరగదు. చాలా రకాలు 34 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిమిలో పెరగలేవు. దీని ఆరు క్రోమోజోముల జన్యుక్రమం 2004లో ప్రచురింపబడినది.

చమురును తినే విధానం

నూనె నీటిలో కరగదు కనుక సూక్ష్మజీవులకు సులభంగా అందదు. ఈ ఈస్ట్ లైపోసాన్ అనే పదార్థాన్ని స్రవించి నూనెను సన్నని బిందువులుగా చీల్చుతుంది. సుమారు 83 శాతం పిండిపదార్థము, 17 శాతం ప్రోటీను గల ఈ లైపోసాన్, సబ్బు చేసే పనినే చేస్తుంది. కణాలు ఆ బిందువుల ఉపరితలానికి అంటుకొంటాయి. లోపలికి చేరిన ఆల్కేనులు మొదట ఆల్కహాలుగా, తరువాత ఆల్డిహైడుగా, చివరకు కొవ్వు ఆమ్లంగా మారుతాయి. ఆ కొవ్వు ఆమ్లం పెరాక్సిసోములు అనే కణాంగాలలో ముక్కలై శక్తినిస్తుంది. కొవ్వులు, వంటనూనెల విషయంలో పని ఇంకా సులువు. లైపేజ్ అనే ఎంజైము వాటిని కణం వెలుపలే విడగొడుతుంది.

కాలుష్య నివారణ

ముంబై సమీపాన చమురు కలిసిన సముద్రజలం నుండి వేరుచేసిన ఎన్.సి.ఐ.ఎం. 3589 అనే రకంపై పూణే విశ్వవిద్యాలయంలో విస్తృత పరిశోధన జరిగినది. పామాయిల్ మిల్లుల వ్యర్థజలంపై ఈ రకాన్ని పెంచినప్పుడు, రెండు రోజులలో ఆ నీటి రసాయన ఆక్సిజన్ అవసరం దాదాపు 95 శాతం తగ్గినట్లు 2002లో ప్రచురితమైనది. ఆయిల్ పామ్ సాగులో దేశంలో ముందున్న ఆంధ్ర ప్రదేశ్ కు ఈ ఫలితం ఆసక్తికరమైనది. ఆయిల్ పామ్ పరిశోధనా సంస్థ కూడా ఏలూరు సమీపంలోని పెదవేగిలోనే ఉన్నది. అయితే మిల్లు నుండి వచ్చే నీరు మిక్కిలి వేడిగా ఉండును. దానిని చల్లబరచనిదే ఈ ఈస్ట్ బ్రతకదు.

సముద్రంలో ఒలికిన చమురు సంగతి వేరు. ఈ ఈస్ట్ సరళ గొలుసు ఆల్కేనులను త్వరగా తింటుంది గాని, తారు వంటి బరువైన భాగాలను దాదాపు ముట్టదు. పైగా బయటి నుండి తెచ్చి చల్లిన సూక్ష్మజీవులు అలలలో చెదరిపోతాయి, స్థానిక జీవులతో పోటీపడలేవు. కనుక ట్యాంకులలో శుద్ధి చేయుటకు ఇది ఎంత అనువైనదో, సముద్రంపై చమురు తెట్టుకు అంత అనువైనది కాదు.

చమురు నుండి ప్రోటీను

ఫ్రాన్స్ లోని లావెరా వద్ద బ్రిటిష్ పెట్రోలియం సంస్థకు చెందిన ఆల్ఫ్రెడ్ షాంపాన్యా, చమురులోని మైనాన్ని ఈస్ట్ లకు మేపి పశువుల దాణాకు ప్రోటీను తయారుచేయవచ్చునని చూపాడు. ప్రపంచంలో ప్రోటీను కొరత తప్పదని భావించిన 1960లలో ఇది గొప్ప ఆశను రేకెత్తించినది. స్కాట్లాండ్ లోని గ్రేంజ్‌మౌత్ లో శుద్ధిచేసిన పారాఫిన్లపై ఈ ఈస్ట్ నే పెంచారు. ఇటలీలోని సార్డీనియా దీవిలో సారోక్ వద్ద ఏడాదికి లక్ష టన్నుల సామర్థ్యంతో కర్మాగారం కట్టారు. కాని 1973లో చమురు ధర పెరిగింది. అదే ఏడాది జపాన్ లో వినియోగదారుల వ్యతిరేకత వలన ఇటువంటి పథకాలు ఆగిపోయాయి. ఇటలీ ఆరోగ్యాధికారులు పశువుల కొవ్వులో పారాఫిన్ అవశేషాల గురించి అభ్యంతరం తెలిపారు. వ్యాపార ఉత్పత్తి మొదలు కాకుండానే సారోక్ కర్మాగారం మూతపడినది. సోయా పిండి చవకగా దొరకుట కూడా ఈ వైఫల్యానికి ఒక కారణం; భయాలు లేకపోయినా లెక్క కుదిరేది కాదేమో.

చిత్రమేమంటే, చమురుపై కాక ఇతర పోషకాలపై పెంచి ఎండబెట్టిన ఇదే ఈస్ట్ ను యూరోపియన్ యూనియన్ 2019లో ఆహార అనుబంధాలలో వాడుటకు అనుమతించినది.

ఇతర ఉత్పత్తులు

నత్రజని తక్కువైనప్పుడు ఈ ఈస్ట్ సిట్రిక్ ఆమ్లాన్ని బయటకు వదులుతుంది. బయోడీజిల్ తయారీలో మిగిలే గ్లిసరాల్ పై పెంచి సిట్రిక్ ఆమ్లాన్ని, ఎరిథ్రిటాల్ అనే తీపి పదార్థాన్ని పొందవచ్చును. ఐసోసిట్రిక్ ఆమ్లం కూడా కలిసి రావటం ఇందులోని చిక్కు. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లాన్ని ఇది పాక్షికంగా విడగొట్టి గామా-డెకాలాక్టోన్ గా మార్చుతుంది. పీచ్ పండు వాసన గల ఈ పదార్థాన్ని ఆహార పరిశ్రమలో వాడతారు. ఆముదం ఉత్పత్తిలో భారతదేశం ప్రపంచంలో ప్రథమస్థానంలో ఉన్నది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ప్రాంతంలో ఈ పంట చిరకాలంగా సాగులో ఉన్నది.

అమెరికాకు చెందిన డ్యూపాంట్ సంస్థ జన్యుమార్పిడి ద్వారా ఈ ఈస్ట్ లో ఐకోసాపెంటనోయిక్ ఆమ్లం అనే ఒమేగా-3 కొవ్వును తయారుచేసినది. ఇది సాధారణంగా చేపనూనెలో లభించేది. కణంలోని కొవ్వు ఆమ్లాలలో సగానికి పైగా ఇదే ఉండేలా చేసినట్లు ఆ సంస్థ శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించారు. ఈ ఈస్ట్ ను పెంపకపు సాల్మన్ చేపలకు మేతగా వాడారు. చేపలను మేపుటకు సముద్రంలోని చిన్న చేపలను పట్టవలసిన అవసరం దీనివలన తగ్గింది.