కంబళి పురుగా, గొంగళి పురుగా?

మాది పావగడ తాలూకా. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక. కానీ మూడు పక్కలా ఆంధ్రనే. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, సంతలో రెండూ. ఏడో తరగతి దాకా కన్నడంలో చదివి, ఎనిమిదికి మా మామ వాళ్ల ఇంట్లో ఉండి హిందూపురంలో ఒక తెలుగు బళ్లో చేరినాను. అక్కడ ఒక రోజు సీతాకోకచిలుక గురించి పది వాక్యాలు రాయమన్నారు. నేను "కంబళి పురుగు సీతాకోకచిలుక అవుతుంది" అని రాసినాను. అయ్యవారు కంబళి కింద ఎర్ర సిరాతో గీత కొట్టి, పక్కన గొంగళి అని రాసి, "ఇది కన్నడం రా, తెలుగులో గొంగళి పురుగు అనాల" అన్నారు. కోపంగా ఏమీ కాదు, మామూలుగానే చెప్పినారు. కానీ క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదంతా నా పేరు కంబళి.

సెలవులకి ఊరికి పోయినప్పుడు మా తాతతో చెప్పుకున్నాను. మేము కురుబలం. తాత కంబళ్లు నేసేవాడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే నా మాటంతా విని, "కంబళి కన్నడమంటనా? నేసేది నేను, పేరు ఆయప్ప పెడతాడా?" అని మళ్లీ పనిలో పడినాడు.

అప్పుడు అది ముసలాయన మొండి మాట అనుకున్నాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాకూ వయసొచ్చింది. ఆ ఎర్ర గీత గురించి మళ్లీ ఆలోచిస్తే తాత మాటలో సగానికి పైగా నిజముందనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఒకే పురుగు, ఒకే దుప్పటి

ఉద్యోగంలో చేరినాక హోసూరు వైపు తెలుగు మిత్రుడొకడు తోడయినాడు. వాళ్లూ తరాలుగా ఇంట్లో తెలుగే, బయట తమిళం. ఒకసారి మాటల్లో వాడు ఆ పురుగుని "కంబ్లిపూచి" అన్నాడు. తమిళంలో కంబళిప్పూచ్చి, కన్నడంలో కంబళి హుళ, తెలుగులో గొంగళి పురుగు. ఒంటినిండా నూగుతో పాకే ఆ పురుగుని చూసి మూడు భాషల వాళ్లకీ గుర్తొచ్చింది ఒకే వస్తువు, గొర్రె బొచ్చుతో నేసిన నల్ల దుప్పటి. పురుగుకి పేరు పెట్టినవాళ్లు ఎవరైనా, వాళ్ల భుజం మీద ఆ దుప్పటి ఉండే ఉంటుంది.

మరి కంబళి ఎవరిది? అసలు అది కన్నడం సొత్తే కాదు. సంస్కృతంలో కంబలం ఉంది. బుద్ధుడి కాలంలో అజిత కేశకంబళి అనే ఆచార్యుడు ఉండేవాడు, వెంట్రుకల కంబళి కప్పుకుంటాడని ఆ పేరు. అక్కడి నుంచి హిందీ కంబల్ దాకా, మన దక్షిణాది భాషలన్నిటి దాకా ఆ మాట నడిచింది. ఇంగ్లీషువాళ్లు కూడా దాన్ని కంబ్లీ అని పట్టుకున్నారు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో దానికి చోటుంది. 1852 నాటి బ్రౌన్ తెలుగు నిఘంటువులో గొంగడీ ఉంది, కంబళీ ఉంది. అంటే మా అయ్యవారు కొట్టేసిన మాట అప్పటికే నూరేళ్లకు పైగా తెలుగు నిఘంటువులో కూర్చుని ఉంది.

ఇంకో తమాషా ఏమంటే, అచ్చ తెలుగనుకునే గొంగడి కూడా ఒక్క తెలుగుకే పరిమితం కాదు. తెలంగాణలో గొంగడి, కోస్తాలో గొంగళి. మహారాష్ట్రలో ధనగర్లు నేసే దుప్పటి పేరు ఘోంగడీ. సోలాపూరులో తరాలుగా ఉన్న మన తెలుగువాళ్లకి ఆ మాట బాగా తెలుసు, ఇటు చెవితో వింటే తెలుగు, అటు చెవితో వింటే మరాఠీ. ఈ మాటల సరిహద్దు రాష్ట్రాల సరిహద్దు కాదు. నల్ల గొర్రె మేసిన నేల అంతా దీని సరిహద్దు. దక్కని గొర్రె తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక, రాయలసీమ మెట్ట నేలల్లో తిరిగే జాతి. దాని వెనక కురుమలు, కురుబలు, ధనగర్లు తిరిగినారు. మందను రైతుల చేలల్లో రాత్రులు ఆపి, ఎరువుకి బదులు గింజలు తీసుకుంటూ ఊరు దాటి ఊరు పోయినారు. ఏ ఊర్లో ఆగితే ఆ ఊరి భాషలో బేరం చేసినారు. దేవుళ్లు కూడా అట్లే నడిచినారు. మన బీరప్ప కన్నడంలో బీరేశ్వర, మరాఠీలో బిరోబా. మన మల్లన్న అక్కడ మైలార, ఇంకా పైకి పోతే ఖండోబా. పశువులు కాచేవాళ్ల ఈ దేవుళ్ల మీద గుంథర్ సోంథైమర్ అనే జర్మన్ పండితుడు ఏళ్ల తరబడి పని చేసి పుస్తకాలు రాసినాడు.

కురుబ అనే పేరే చూడండి. కన్నడంలో గొర్రెని కురి అంటారు. కురి, గొర్రె, తమిళంలో కొఱి, ఇవన్నీ ఒకే ద్రావిడ మూలం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు. థర్స్టన్ 1909లో అచ్చు వేసిన కులాల పుస్తకంలో కురుబల్లో ఉణ్ణె కంకణ, హత్తి కంకణ అని రెండు తెగలు రాసినాడు. పెండ్లిలో చేతికి ఉన్ని దారం కట్టేవాళ్లు ఒకరు, పత్తి దారం కట్టేవాళ్లు ఇంకొకరు. ఒక దారాన్ని బట్టి మనుషులు తమను తాము గుర్తించుకున్నారంటే, ఆ దారం వాళ్ల బతుకులో ఎంత లోపలికి పోయిందో చూసుకోండి.

మా ఇంటి మాటలు

ఇప్పుడు మా తాత అవ్వల మాటలకి వస్తాను. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరించేవాళ్లు. ముందు రోజు గొర్రెల్ని చెరువులో దించి కడిగి, రొప్పంలో ఆరనిచ్చేవాళ్లు. రొప్పం అంటే ముళ్ల కంచె వేసిన గొర్రెల దొడ్డి. కన్నడంలో రొప్ప, మా అనంతపురం చుట్టాలకి రొప్పమే. బొచ్చు అనే మాటకి ఇప్పటి పిల్లలు పక్కకి తిరిగి నవ్వుతారు, తిట్టులాగా మారిపోయింది. మా అవ్వకి మాత్రం అది తూకం వేసి అమ్మే సరుకు, ఇంట్లో పొయ్యి వెలిగించే సరుకు.

బొచ్చుని రంగుల వారీగా ఏరడం ఆడవాళ్ల పని. తర్వాత నారి బిగించిన విల్లుతో కొట్టి దూదిలాగా విప్పుతారు. దాన్ని చుట్టితే ఏకు. "ఏకు మేకయింది" అని మనమందరం అంటాం కదా, ఏకు ఎట్లుంటుందో చూసినవాళ్లు ఎంతమంది? అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియని మెత్తటి చుట్ట అది. అది మేకులాగా గుచ్చుకుంటే ఎట్లుంటుందో అనేదే ఆ సామెత. ఏకుల్ని అవ్వ రాట్నం మీద వడికేది. మంద వెంట పోయే మగవాళ్లు నడుస్తూనే చేతి కదురు తిప్పేవాళ్లు.

నూలయినాక తాత పని. వీధి పొడుగునా దారాలు సాగదీసి కట్టి, చింతగింజల గంజి పూసేవాడు. చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, నూరి కాచిన గంజి అది. మా వీధిలో ఆ వాసన వచ్చిందంటే రేపో మాపో మగ్గం ఎక్కుతుందని లెక్క. ఆ గంజి వల్లనే కొత్త కంబళి అట్టలాగా నిలబడుతుంది. వాన పడితే ఉన్ని ఉబ్బి సందులు మూసుకుంటాయి. అట్లాంటిదాన్ని నెత్తి మీద మడిచి కప్పుకుంటే దాని పేరు కొప్పె. ఆ కొప్పె కింద మా తాత వానలో గంటల తరబడి మంద కాసినాడు.

పుస్తకం తెలుగులో పడుగు, పేక. మా తాత ఆ మాటలు అనలేదు. నిలువు దారాలు హాసు, అడ్డ దారాలు హొక్కు. ఇవి కన్నడం మాటలు, అందులో దాచేదేమీ లేదు. మనం "పడుగు పేకల్లాగా కలిసిపోయినారు" అన్నట్టే కన్నడిగులు హాసుహొక్కు అంటారు. కానీ తాత వాక్యం తెలుగు. "హాసు తెగింది, రాట్నం ఆపుమే" అనేవాడు అవ్వతో. మగ్గం, కదురు, ఉన్ని రెండు భాషలకీ ఇంచుమించు ఒకటే. ఇది చెడిపోయిన తెలుగు కాదు. పని నేర్పినవాళ్ల మాట పనితో పాటు వచ్చింది, ఇంటి మాట ఇంట్లోనే ఉంది. రెండూ ఒకే మగ్గం మీదికి ఎక్కినాయి.

రంగు ఎక్కడిది?

కొన్నేళ్ల కింద బెంగళూరులో ఒక చేనేత ప్రదర్శనకి పోయినాను. నల్ల కంబళి ఒకటి వేలాడదీసి, సహజ రంగులు అని చీటీ పెట్టినారు. పక్కనున్న ఒకావిడ నన్నడిగింది, "ఈ నలుపు ఏ ఆకుతో వస్తుందండీ?" అని. "ఆకు కాదమ్మా, గొర్రె" అన్నాను. ఆవిడ నేను వేళాకోళం చేస్తున్నాననుకుంది.

నిజం అంతే. దక్కని కంబళికి పాత పద్ధతిలో రంగు వేయరు, రంగు ఏరుతారు. కర్రి గొర్రె బొచ్చు ఒక కుప్ప, బూడిద రంగుది ఒక కుప్ప, తెల్లది ఒక కుప్ప. ఒళ్లంతా నలుపు, అంచుకి తెలుపు గీత. అవసరమైతే రెండూ కలిపి ఏకితే బూడిద. నల్ల ఉన్నికి ఇంకే రంగూ పట్టదు. గొర్రె వయసు పెరిగేకొద్దీ, ఎండకి తిరిగేకొద్దీ నలుపు కొంచెం తుప్పు రంగుకి దిగుతుంది. అందుకే పిల్ల గొర్రె తొలి కత్తిరింపు బొచ్చుకి గిరాకీ ఎక్కువ, అది మెత్తన, నలుపూ నిండుగా ఉంటుంది. అట్లాంటి బొచ్చుతో వెదురు బొంగులో పట్టేంత పల్చటి కంబళ్లు చిత్రదుర్గం పక్క నేసేవాళ్లని మా పెద్దోళ్లు చెప్పేవాళ్లు. నేను చూడలేదు. చూసిందంతా మా తాత నేసిన మోటు కంబళే, కొత్తలో ఒళ్లంతా గుచ్చుకునేది.

ఎందుకు ఆగిపోయింది?

1800, 1801లో మైసూరు సీమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ కురుబల కంబళి నేత గురించి రాసుకున్నాడు. మా పక్కనున్న చళ్లకెరె కంబళ్లకి ఇప్పటికీ పేరుంది. అంత పాత పని మా ఇంట్లో ఒక్క తరంలో ఆగింది. కారణాలు మీకూ తెలిసినవే. పానిపట్టు నుంచి పాత ఉన్ని గుడ్డలు చీల్చి మళ్లీ వడికిన దుప్పట్లు చవగ్గా దిగినాయి. గొర్రె అంటే మాంసమే అయింది. నెల్లూరు గొర్రెలాంటి బొచ్చు లేని జాతులు మందల్లోకి వచ్చినాయి. మేత బీళ్లు తగ్గినాయి. మా తాలూకాలోనే 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. ఒకప్పుడు బొచ్చు కొనేవాళ్లు గొర్రెలవాళ్లకి డబ్బులిచ్చేవాళ్లు. ఇప్పుడు గొర్రెలవాళ్లే కత్తిరించేవాళ్లకి కూలి ఇచ్చి, ఆ బొచ్చుని గట్టు మీద పారేస్తున్నారు. మా చిన్నాయన మగ్గం గుంత పూడ్చి, దాని మీద బండలు పరిచి, బైకు నిలుపుకుంటున్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. కంబళ్లు నేసి ముగ్గురు పిల్లల్ని చదివించగలిగేవాడా?

మొన్న పండగకి పోయినప్పుడు, గుంతలోంచి తీసి అటక మీద పడేసిన కట్టెలు దించి అవ్వ ముందు పెట్టినాను. ఒక్కొక్కటీ చేతికిచ్చి పేరు అడిగి రాసుకుంటూ పోయినాను. దారాన్ని దగ్గరకి కొట్టే చెక్క చెప్పింది. నేసింది చుట్టే దూలం చెప్పింది. హాసు దారాలు పైకీ కిందికీ విడిపోయే చోట దూర్చే వెదురు పుల్ల చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. అరిగి నున్నగా, తాత వేళ్లు పట్టిన చోట కొంచెం లోతుగా ఉంది. "దీన్ని మీ తాత ఏదో అంటుండె, నాయనా. నోట్లోనే ఉంది, రాలేదు" అనింది. ఆ సాయంత్రం ఇంకో రెండుసార్లు అదే అనింది. రాలేదు.

నేత పుస్తకాల్లో వెతికితే దానికి ఏదో ఒక పేరు దొరుకుతుంది. నాకు కావలసింది అది కాదు. మా తాత పిలిచిన పేరు కావాల. అది తెలుగా కన్నడమా అనే ప్రశ్న ఇప్పుడు నాకు లేదు.

ఎవరి ఇంట్లోనైనా కంబళి మగ్గం తెలిసిన పెద్దోళ్లు ఇంకా ఉంటే, చళ్లకెరె, మొళకాల్మూరు, మడకశిర, హోసూరు, సోలాపూరు ఏ పక్క వాళ్లయినా సరే, దయచేసి ఆ వెదురు పుల్ల పేరు అడిగి చెప్పండి. అవ్వ ఉన్నప్పుడే తెలిస్తే బాగుంటుంది. విన్న వెంటనే అదో కాదో ఆమె చెప్పగలదు.