గిన్నెలు కడిగే నీళ్ళ నుంచి కణం పొర దాకా



జిడ్డు గిన్నె నీళ్ళలో ముంచితే నూనె పైకి తేలి పలచగా పరుచుకోవడం మనం రోజూ చూసేదే. చూసి, పారబోసి, మరో పనిలో పడతాం. 1880 ప్రాంతంలో జర్మనీలో, బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్ళో, ఆగ్నెస్ పోకెల్స్ అనే ఆడపిల్ల మాత్రం ఆ పొరను కొలవాలనుకుంది. అక్కడ అప్పట్లో ఆడవాళ్ళకు విశ్వవిద్యాలయంలో చోటు లేదు. జబ్బుమనిషులైన తల్లిదండ్రులను చూసుకుంటూ, వంటింట్లోనే ఒక రేకు తొట్టి చేసుకుంది. నీళ్ళమీద ఒక రేకుపట్టీని అటూ ఇటూ జరిపి, జిడ్డు పొరను దగ్గరకు నెట్టి, దాని బలం కొలిచింది. 1891లో లార్డ్ రేలీ అనే శాస్త్రవేత్తకు ఉత్తరం రాస్తే, ఆయన దాన్ని 'నేచర్' పత్రికలో అచ్చు వేయించాడు.

వంటింటి జిడ్డుకూ మన ఒంటికీ సంబంధమేమిటంటారా? వినండి.

ఆ తొట్టినే లాంగ్‌ముయిర్ అనే అమెరికన్ మరింత మెరుగుపరిచాడు. 1925లో హాలండ్‌లో గోర్టర్, గ్రెండెల్ అనేవారు అటువంటి తొట్టిలోనే, ఎర్ర రక్తకణాల నుంచి తీసిన కొవ్వును నీళ్ళమీద పరిచి చూశారు. కణాల పైభాగం ఎంత ఉందో, అంతకు రెండింతలు పరుచుకుంది. అంటే కణం చుట్టూ కొవ్వు రెండు వరసలుగా ఉందన్నమాట! ఈ పొర ఎంత సన్ననిదంటే, పదివేలు పేర్చితే గానీ వెంట్రుకంత మందం రాదు.

అది వట్టి గోడేనా? కాదు. 1972లో సింగర్, నికల్సన్ అనేవారు, ఆ కొవ్వులో మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు, తేలుతూ కదులుతుంటాయని చెప్పారు. వీటిలో కొన్ని వాకిట్లో నిలబడి పిలుపు వినే మనిషి వంటివి. రక్తంలో ఒక హార్మోను వస్తే బయట పట్టుకుంటాయి, కబురు లోపలి ప్రొటీనుకు అందిస్తాయి. అది మరొకదాన్ని తట్టి లేపుతుంది. వినేవాళ్ళూ, కబురు మోసేవాళ్ళూ దగ్గరగా ఉంటేనే కదా పని త్వరగా సాగేది?

అందుకే ఎవరెక్కడ ఉన్నారన్న ప్రశ్న వచ్చింది. మన కోడుమూరు మగ్గాలమీద నేసే గద్వాల చీర చూడండి. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. చీర ఒకటే, నేత అంతటా ఒకటి కాదు. కణం పొరా అంతే. 1998లో బెంగళూరులో రజత్ వర్మ, సత్యజిత్ మేయర్ కొన్ని ప్రొటీన్లు చిన్న చిన్న గుంపులుగా ఉంటాయని చూపించారు. అయితే చీర అంచులా ఇవి స్థిరంగా ఉండవు, కూడుతుంటాయి, విడిపోతుంటాయి. ఎంతసేపు నిలుస్తాయన్నది శాస్త్రజ్ఞులు ఇంకా తర్కించుకుంటున్నారు.

ఇక మన హైదరాబాదు సంగతి. అక్కడి సీసీఎంబీ అనే పరిశోధన కేంద్రంలో అమితాభ చటోపాధ్యాయ బృందం, మనసు నెమ్మదికీ దిగులుకూ సంబంధమున్న సెరోటోనిన్ కబురును అందుకునే ప్రొటీనును పరీక్షించింది. పశువుల మెదడు నుంచి తీసిన పొరల్లో కొలెస్టరాల్ తగ్గిస్తే, ఆ ప్రొటీను పట్టు సడలింది. తిరిగి చేరిస్తే మళ్ళీ కుదిరింది. 2004లో వెలువడిన ఫలితమిది.

కొలెస్టరాల్ అనగానే శత్రువని హడలిపోతాం. రక్తంలో పెరిగితే ముప్పే, డాక్టరు మాట వినవలసిందే. కానీ కణం పొరలో అదే లేకపోతే కబురే సరిగా అందదు. దానికోసం నెయ్యి ఎక్కువ వడ్డించుకోనక్కర్లేదు, మన ఒళ్ళే తయారు చేసుకుంటుంది.

1932లో లాంగ్‌ముయిర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగ్నెస్‌కు అదే ఏడు, డెబ్బయ్యో ఏట, సొంత ఊరి విద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. చాలా ఆలస్యంగానే అనుకోండి. రేపు మీ అమ్మాయి సింకు దగ్గర నిలబడి "అమ్మా, ఈ నూనె ఇలా ఎందుకు పరుచుకుంటోంది?" అని అడిగితే, పని ఆగిపోతోందని కసురుకోకండి. ఆ ప్రశ్నకు చాలా దూరం వెళ్ళే సత్తువ ఉంది.