1968 నిరసనోద్యమాలు: పరాజయం, వారసత్వం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
1968లో పారిస్, ప్రాగ్, మెక్సికో నగరాలలో చెలరేగిన ఉద్యమాలు కొద్దికాలానికే అణగారిపోయాయి. అయితే చట్టాలలో, రాజకీయ ఆచరణలో, ప్రజాస్మృతిలో వాటి ప్రభావం దశాబ్దాల పాటు కొనసాగింది. ఉద్యమ ఫలితాన్ని అది ముగిసిన తేదీతో కొలవడం సరికాదని నిరూపించడం ఈ వ్యాస ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: విద్యార్థి ఉద్యమాలు, సార్వత్రిక సమ్మె, ప్రాగ్ వసంతం, త్లతెలోల్కో, ప్రజాస్మృతి.

1. ఉపోద్ఘాతం:
అధికారం చేతులు మారకపోతే ఉద్యమం విఫలమైనట్లేనని తేల్చే పద్ధతి చరిత్ర రచనలో తరచుగా కనిపిస్తుంది. ఆ కొలబద్దతో చూస్తే 1968లో మిగిలేది పరాజయాల పట్టికే. మరోవైపు, ఆ కాలాన్ని సంగీతానికీ, వేషధారణకూ, యువతరం స్వేచ్ఛకూ కుదించే ధోరణి ఉంది. మొదటి పద్ధతి ఉద్యమాల ఫలితాలను మరుగుపరుస్తుంది. రెండవది సమ్మె చేసిన శ్రామికులను, ప్రాణాలు కోల్పోయినవారిని మరుగుపరుస్తుంది.

2. పారిస్ – ఓడినవారి కోర్కెలు, గెలిచినవారి చట్టాలు:
మార్చి 22న నాంతేర్ విద్యార్థులు పాలనాభవనాన్ని ఆక్రమించడంతో మొదలైన అలజడి మే నెలలో సోర్బాన్‌కు, అక్కడి నుంచి కర్మాగారాలకు వ్యాపించింది. సమ్మెలో పాల్గొన్నవారు 70 లక్షల నుంచి కోటి వరకు ఉంటారని అంచనా. మే 27 నాటి గ్రెనెల్ ఒప్పందాలు కనీస వేతనాన్ని సుమారు 35 శాతం పెంచాయి. జూన్ ఎన్నికలలో ద గోల్ పక్షమే భారీ ఆధిక్యం సాధించింది. అయినా అదే ఏడాది నవంబరులో విశ్వవిద్యాలయ పాలనలో విద్యార్థులకు ప్రాతినిధ్యం కల్పించే చట్టాన్ని, డిసెంబరులో పని స్థలాలలో కార్మిక సంఘ శాఖలను గుర్తించే చట్టాన్ని ఆ ప్రభుత్వమే తేవలసి వచ్చింది.

3. ప్రాగ్ – ఇరవై ఏళ్ల నిరీక్షణ:
జనవరిలో దూబ్చెక్ నాయకత్వంలో ఆరంభమైన సంస్కరణలను ఆగస్టు 20–21 రాత్రి ప్రవేశించిన వార్సా ఒడంబడిక సైన్యాలు అడ్డుకున్నాయి. దీనిని నిరసిస్తూ 1969 జనవరిలో యాన్ పలాఖ్ అనే విద్యార్థి ఆత్మాహుతి చేసుకున్నాడు. 1977లో మానవ హక్కుల కోసం 'చార్టర్ 77' వెలువడింది. 1989 జనవరిలో పలాఖ్ సంస్మరణార్థం జరిగిన ప్రదర్శనలు ఆ ఏడాది చివరి పరిణామాలకు నాంది పలికాయి. సోవియట్ విధానంలో వచ్చిన మార్పు లేకుండా 1989ని వివరించలేం. అయితే ఆ అవకాశాన్ని అందిపుచ్చుకునే నైతిక భాషను 1968 స్మృతే సమకూర్చింది.

4. మెక్సికో – లెక్క తేలని మరణాలు:
ఒలింపిక్ క్రీడలకు పది రోజుల ముందు, అక్టోబరు 2న, త్లతెలోల్కో కూడలిలో విద్యార్థుల సభపై కాల్పులు జరిగాయి. మృతుల సంఖ్య నేటికీ వివాదాస్పదమే. ప్రభుత్వం మౌనం వహించినా, 1971లో ఎలెనా పొనియతోవ్‌స్కా ప్రత్యక్ష సాక్షుల వాంగ్మూలాలను గ్రంథస్థం చేశారు. నాటి అంతరంగిక వ్యవహారాల మంత్రి లూయిస్ ఎచెవెరియాపై 2006లో అభియోగం నమోదైంది. 2009లో దానిని కొట్టివేశారు. శిక్ష పడకపోయినా, రాజ్యం సమాధానం చెప్పవలసిన ప్రశ్నగా అక్టోబరు 2 నిలిచిపోయింది.

5. సరిహద్దులు దాటిన స్ఫూర్తి:
ఈ కాలపు ఉద్యమాలు ఒకదాని నుంచి మరొకటి పేర్లనూ, పద్ధతులనూ గ్రహించాయి. 1966లో ఓక్లండ్‌లో ఏర్పడిన బ్లాక్ పాంథర్ పార్టీ పేరు స్ఫూర్తితో 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ అవతరించింది. వర్ణవివక్షపై పోరాడిన పదజాలం ఇక్కడ కులవివక్షపై పోరాటానికి ఉపకరించింది. అరువు తెచ్చుకున్నది పేరే గాని, అనుభవం స్థానికమైనదే.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలే అంశాలు రెండు. ఒకటి, ఉద్యమం ఓడినా దాని కోర్కెలు ప్రత్యర్థి చేతుల మీదుగానే చట్టాలు కావచ్చు. రెండు, అణచివేతకు గురైన సంఘటన సాక్ష్యంగా నిలిచి తరువాతి తరానికి ఆయుధం కావచ్చు. ఆ సాక్ష్యాలను భద్రపరచకపోతే రెండవ ఫలితానికి తావుండదు. కనుక ఉద్యమ చరిత్రకారుడికి విజయపరాజయాల నిర్ణయం కంటే వాంగ్మూలాల సేకరణ ముందు బాధ్యత.