అరిచే బెల్టు నుంచి అరవని బెల్టు దాకా: ఇంజిన్ బెల్టుల వందేళ్ళ కథ

ఈరోజు మన ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక రబ్బరు బెల్టు ఉంది. నవ్వకండి. మీ ఇంట్లో కారు ఉన్నా, సెకండ్ హ్యాండ్‌లో ఒకటి తీసుకుందామని ఫోన్లో రోజూ వెతుకుతున్నా, ఈ బెల్టు చరిత్ర తెలియకపోతే మీ జేబుకి పెద్ద చిల్లే పడొచ్చు.

నేను చెప్పేది ఇంజిన్ బెల్టు గురించి. టైముకి మారిస్తే కొన్ని వేలతో పోయే పని. తెగేదాకా ఆగితే, చాలా ఇంజిన్లలో హెడ్డు విప్పి వాల్వులు మార్చాల్సి వస్తుంది. పాత కారైతే ఆ రిపేరు ఖర్చు కారు ధరతోనే పోటీ పడుతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు జనం ముందే ఎందుకు మార్చరు? నిర్లక్ష్యం అని కొట్టిపారేస్తారు చాలామంది. నేనైతే ఒప్పుకోను. దీని వెనక వందేళ్ళ కథ ఉంది. తరం మారిన ప్రతిసారీ బెల్టు బలపడింది. అదే సమయంలో, తాను పోబోతున్నానని ముందుగా చెప్పే అలవాటు తగ్గించుకుంటూ వచ్చింది. మనం మాత్రం మన తాతల కాలం లెక్కలోనే దాన్ని చూస్తున్నాం.

మొదటి నుంచి వద్దాం. పంతొమ్మిదో శతాబ్దం ఫ్యాక్టరీల్లో ఒక్కో యంత్రానికి ఒక్కో మోటారు ఉండేది కాదు. కింద ఒక ఆవిరి ఇంజినో, నీటి చక్రమో తిరిగేది. పైకప్పు కింద పొడవాటి ఇనుప షాఫ్ట్ ఉండేది. దాని మీంచి ఒక్కో యంత్రానికీ వెడల్పాటి తోలు బెల్టు దిగేది. మన ఊళ్ళలో పాత రైస్ మిల్లు, పిండి మర చూసినవాళ్ళకి ఆ దృశ్యం వెంటనే అర్థమవుతుంది. ఆ బెల్టు వదులైతే టపటపా కొట్టుకునేది. జారితే కీచుమనేది. అతుకు దగ్గర పోగులు లేస్తే కంటికే కనిపించేది. అది ప్రమాదకరమైన వస్తువే, ఎంతోమంది కార్మికుల చేతులు తీసుకుంది. కానీ దాని ఆరోగ్యం ఎలా ఉందో మిల్లులో అందరికీ తెలిసేది.

కార్లు వచ్చాక కూడా తొలినాళ్ళలో ఫ్యాను తిప్పడానికి ఇలాంటి బల్లపరుపు బెల్టులే వాడారు. 1917లో అమెరికాలోని డెన్వర్ నగరంలో జాన్ గేట్స్ రబ్బరు, దారం కలిపి వి ఆకారంలో బెల్టు తయారుచేశాడు. ఆయన అన్నదమ్ముల కంపెనీయే తర్వాత గేట్స్ రబ్బర్ కంపెనీగా పెద్ద పేరు తెచ్చుకుంది. వి-బెల్టు పుల్లీ గాడిలో చీలలా దిగి రెండు పక్కల గోడల్నీ పట్టుకుంటుంది. అందుకే తక్కువ వెడల్పుతోనే ఎక్కువ పని చేస్తుంది.

మన అంబాసిడర్ కారులో ఉన్న ఫ్యాన్ బెల్టు ఈ జాతిదే. రేడియేటర్ ఫ్యాను, వాటర్ పంపు, డైనమో అన్నీ దాంతోనే తిరిగేవి. అది తెగితే డ్యాష్‌బోర్డులో ఛార్జింగ్ లైటు వెలిగేది, తర్వాత రేడియేటర్ మరిగేది. డ్రైవర్ పక్కకి ఆపి, డిక్కీలోంచి స్పేర్ బెల్టు తీసి, రోడ్డు పక్కనే బిగించుకుని వెళ్ళిపోయేవాడు. వెంటనే ఆపితే ఇంజిన్‌కి ఏమీ అయ్యేది కాదు.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. ఆ బెల్టు టెన్షన్ ఎవరు చూసేవాళ్ళు? మెకానిక్. డైనమో బోల్టు వదులు చేసి, రాడ్డుతో వెనక్కి లాగి, బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కి చూసి మళ్ళీ బిగించేవాడు. అంటే ఆ రోజుల్లో టెన్షనర్ అతని బొటనవేలే. బండి సర్వీసుకి వచ్చిన ప్రతిసారీ ఒక మనిషి చెయ్యి ఆ బెల్టుని తాకేది. ఎండిందా, పగిలిందా అన్నది మాట్లాడకుండానే తెలిసిపోయేది.

కథలో అసలు మలుపు కుట్టు మిషన్ దగ్గర వచ్చింది. కుట్టు మిషన్లో పైన సూది, కింద బాబిన్ సరిగ్గా ఒకే లెక్కలో కదలాలి. మామూలు బెల్టు కొంచెం జారినా కుట్టు తప్పుతుంది. 1940లలో ఫిలడెల్ఫియాలోని ఎల్.హెచ్. గిల్మర్ కంపెనీలో రిచర్డ్ కేస్ అనే ఇంజినీర్ సింగర్ మిషన్ల కోసం పళ్ళున్న బెల్టు తయారుచేశాడు. పళ్ళు పుల్లీ పళ్ళలో కూర్చుంటాయి కాబట్టి జారడం ఉండదు. ఈరోజు మనం టైమింగ్ బెల్ట్ అంటున్నది దీన్నే.

ఇంజిన్‌లో దీని పనేంటి? పిస్టన్లు తిప్పేది క్రాంక్ షాఫ్ట్. గాలి, పొగ వెళ్ళే వాల్వుల్ని తెరిచేది క్యామ్ షాఫ్ట్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. పాత ఇంజిన్లలో క్యామ్ కింద, క్రాంక్ పక్కనే ఉండేది. చిన్న చైనో, గేర్లో సరిపోయేవి. పవర్ కోసం క్యామ్‌ని ఇంజిన్ నెత్తిమీదకి తీసుకెళ్ళారు. అంత ఎత్తుకి చైన్ వేస్తే బరువు, చప్పుడు, పైగా దానికి ఆయిల్ పోస్తూ ఉండాలి. పళ్ళ బెల్టు అయితే తేలిక, చవక, చప్పుడు ఉండదు, ఆయిల్ అక్కర్లేదు.

1950లలో అమెరికాలో బిల్ డెవిన్ తన రేసు కారులో దీన్ని వాడాడు. మామూలు జనం కొనుక్కునే కారులోకి తెచ్చింది మాత్రం జర్మనీలోని చిన్న కంపెనీ గ్లాస్. 1962లో వచ్చిన గ్లాస్ 1004 కారులో క్యామ్‌ని తిప్పింది రబ్బరు బెల్టు. 1966లో అమెరికాలో పాంటియాక్, ఇటలీలో ఫియట్ అదే దారి పట్టాయి. ఫియట్ కోసం ఆరేలియో లాంప్రేది డిజైన్ చేసిన ట్విన్ క్యామ్ ఇంజిన్ ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిచింది. గ్లాస్ కంపెనీని అదే 1966లో బీఎండబ్ల్యూ కొనేసింది.

ఇప్పుడు మన పాయింటుకి వద్దాం. ఈ బెల్టు మీద దుమ్ము, నీళ్ళు, ఆయిల్ పడకూడదు. అందుకని ప్లాస్టిక్ కవర్ కింద దాచారు. అది జారదు కాబట్టి కీచుమనదు. కళ్ళకీ చెవులకీ దూరమైపోయింది. పైగా అది తెగితే జరిగేది కూడా మారిపోయింది. చాలా ఇంజిన్లలో, దాదాపు అన్ని డీజిల్ ఇంజిన్లలో, పిస్టనూ వాల్వూ ఒకే చోటుని వేర్వేరు క్షణాల్లో వాడుకుంటాయి. బెల్టు తెగగానే క్యామ్ ఆగిపోతుంది, కొన్ని వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి. పిస్టన్లు మాత్రం ఇంకా పైకి వస్తూనే ఉంటాయి. 2,000 ఆర్‌పీఎం అంటే క్రాంక్ సెకనుకి 33 చుట్లు. మీరు బ్రేకు మీద కాలు వేసేలోపే వాల్వులు వంగిపోతాయి. అంబాసిడర్ డ్రైవర్‌కి ఉన్న ఆ పక్కకి ఆపే అవకాశం ఇక్కడ లేదు.

మన దేశంలో ఇది మనకి తెలిసిన కార్లలోనే ఉంది. 1983లో వచ్చిన మారుతి 800లో టైమింగ్ బెల్టే. పాత శాంత్రోలో బెల్టు, డస్టర్ డీజిల్‌లో బెల్టు. స్విఫ్ట్ డీజిల్‌లో మాత్రం చైన్. చైన్ కూడా శాశ్వతం కాదు. కాకపోతే సాగినప్పుడు స్టార్టింగ్‌లో గలగలమని తన పరిస్థితి చెప్పుకుంటుంది.

ఇక ఇంజిన్ బయట ఉండే బెల్టు సంగతి. 1970ల దాకా ఏసీకి ఒక బెల్టు, పవర్ స్టీరింగ్‌కి ఒకటి, ఆల్టర్నేటర్‌కి ఒకటి ఉండేవి. గేట్స్ కంపెనీ ఇంజినీర్ జిమ్ వాన్స్ వీటన్నింటి బదులు పాములా మెలికలు తిరిగే ఒకే ఒక్క వెడల్పాటి బెల్టు పెట్టొచ్చన్నాడు. అది 1979 ఫోర్డ్ మస్టాంగ్‌లో వచ్చింది. ఒక్క బెల్టు కాబట్టి ఇంజిన్ పొడవు తగ్గింది, పని సులువైంది. అయితే అది పోతే ఛార్జింగ్, స్టీరింగ్, ఏసీ, చాలా ఇంజిన్లలో వాటర్ పంపు కూడా ఒకేసారి పోతాయి.

దాంతోపాటు స్ప్రింగు ఉన్న ఆటోమేటిక్ టెన్షనర్ మామూలైపోయింది. మెకానిక్ బొటనవేలి పని స్ప్రింగు తీసుకుంది. బెల్టు అరిగి కొంచెం పొడవైతే, టెన్షనర్ ఆ వదులుని మనకి తెలియకుండా లాగేసుకుంటుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ స్ప్రింగు అలిసిపోయిన రోజున, బేరింగులో గ్రీజు ఎండిపోయిన రోజున దాచిపెట్టిన అరుగుదల అంతా ఒకేసారి బయటపడుతుంది. అందుకే కొత్త బెల్టు వేసి పాత టెన్షనర్ వదిలేస్తే సగం పనే చేసినట్టు. చాలాసార్లు బెల్టు తనంతట తాను తెగదు. పట్టేసిన బేరింగో, వంకరగా తిరుగుతున్న పుల్లీయో, ఆగిపోయిన వాటర్ పంపో దాన్ని చంపుతుంది.

నాలుగో మార్పు రబ్బరులోనే వచ్చింది. పాత బెల్టులు నియోప్రీన్ అనే రబ్బరువి. ముసలిదవుతుంటే అడ్డంగా పగుళ్ళు వచ్చేవి, మెకానిక్‌లు పగుళ్ళు చూసి చెప్పేవాళ్ళు. 2000 సంవత్సరం అటూ ఇటూగా బయటి బెల్టులకి ఈపీడీఎం అనే రబ్బరు వచ్చింది. ఇది వేడికి బాగా తట్టుకుంటుంది, అంత తొందరగా పగలదు. టైరులాగా గాళ్ళలో సన్నగా అరుగుతుంది. ఆ అరుగుదల కంటికి ఆనదు, గేజ్ పెట్టి కొలవాలి. కాబట్టి ఎవరైనా టార్చి వేసి చూసి "పగుళ్ళేమీ లేవు సార్, ఇంకా నడుస్తుంది" అంటే, అతను మోసం చేస్తున్నాడని కాదు. నియోప్రీన్ కాలం నాటి సలహా ఇస్తున్నాడు.

అయిదో మార్పు నాకు అన్నిటికంటే వింతగా అనిపిస్తుంది. యాభై ఏళ్ళు ఆయిల్ తగలకుండా కాపాడిన బెల్టుని తీసుకెళ్ళి ఇంజిన్ ఆయిల్లోనే పెట్టారు. వెట్ బెల్ట్ అంటారు. రాపిడి తగ్గుతుంది, పెట్రోలు కొంచెం మిగులుతుంది. 2012లో వచ్చిన ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్, ప్యుజో-సిట్రోయెన్ 1.2 ప్యూర్‌టెక్ ఇలాంటివే. ఆయిల్ రకం తప్పినా, ఆయిల్ మార్చడం ఆలస్యమైనా ఆ రబ్బరు మెత్తబడి ముక్కలు రాలుతుంది. ఆ ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడతాయి. ప్యూర్‌టెక్ మీద యూరప్‌లో ఎంత గొడవైందంటే, 2023లో కొత్త వెర్షన్‌కి వాళ్ళు చైన్ పెట్టేశారు.

అదే 2023 డిసెంబర్‌లో అమెరికాలో ఫోర్డ్ సుమారు 1 లక్షా 39 వేల ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లని రీకాల్ చేసింది. కారణం, 1.0 ఇంజిన్లో ఆయిల్ పంపుని తిప్పే బెల్టు పళ్ళు ఊడటం లేదా ఆ బెల్టు టెన్షనర్ విరిగిపోవడం. ఆయిల్ ప్రెషర్ పోతే ఇంజిన్ ఆగుతుంది, బ్రేకుకి ఉండే పవర్ సాయం కూడా పోతుంది. అమెరికాలో అమ్మిన ఆ ఎకోస్పోర్ట్‌లు మన పక్కనే చెన్నైలో తయారై వెళ్ళినవి. ఒక చిన్న టెన్షనర్ మనుషుల ప్రాణాల దాకా వస్తుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మరి కళ్ళు, చెవులు, వేళ్ళు పనికిరానప్పుడు ఏం మిగిలింది? లెక్క ఒక్కటే. అందుకే మాన్యువల్‌లో ఇన్ని వేల కిలోమీటర్లు లేదా ఇన్నేళ్ళు, ఏది ముందైతే అది అని రాస్తారు. ఏళ్ళ మాట ఎందుకంటే, బండి షెడ్డులో నిలబడ్డా రబ్బరు ముసలిదవుతూనే ఉంటుంది. ఇంకో లెక్క నేను చెప్తాను. గంటకి సగటున 50 కిలోమీటర్లు వెళ్తే లక్ష కిలోమీటర్లకి 2,000 గంటలు. అదే హైదరాబాద్ ట్రాఫిక్‌లో సగటు 25 అనుకోండి, 4,000 గంటలు. మీటరు మీద అదే లక్ష, బెల్టు మాత్రం రెట్టింపు సేపు తిరిగింది. సిగ్నల్ దగ్గర మీటరు ఆగుతుంది, బెల్టు ఆగదు. కాబట్టి సిటీ బండి అయితే చెప్పిన గడువు కంటే కాస్త ముందే మార్చండి.

స్కూటీ నడిపేవాళ్ళు కూడా వినండి. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా నుంచి నేటి గేర్‌లెస్ స్కూటర్ల దాకా వెనక చక్రానికి పవర్ ఇచ్చేది కవర్ లోపలి వి-బెల్టే. అది తెగితే ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. ఇంజిన్ బతికే ఉంటుంది కానీ మీరు ఫ్లైఓవర్ మధ్యలో ఉంటారు.

ఇప్పుడు ఫోన్ చేతిలోనే ఉంది కదా, మూడు పనులు చేయండి. ఒకటి, మీ బండి మోడల్, ఇంజిన్ పేరుతో మాన్యువల్ వెతికి బెల్టా, చైనా, వెట్ బెల్టా చూడండి. రెండు, మార్చే గడువు తేదీ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టండి. మార్చేటప్పుడు బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ పుల్లీలు, టైమింగ్ బెల్టుతో తిరిగేదైతే వాటర్ పంపు కూడా ఒకేసారి వేయించండి. అన్నీ విప్పే కూలీ ఒక్కసారే పడుతుంది. మూడు, పాత కారు కొనేటప్పుడు "బెల్టు మార్చారా?" అని అడగొద్దు, అందరూ మార్చామనే అంటారు. "బిల్లు చూపించండన్నా" అని అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. ఆ ఖర్చు ధరలో తగ్గించుకుని, కొన్న వారంలోనే మార్పించేయండి.

మిల్లులో తోలు బెల్టు అరిచి చెప్పింది. ఫ్యాన్ బెల్టు కీచుమని చెప్పింది. ఇప్పటి బెల్టు చెప్పదు, గడువు వరకు పని చేసి ఊరుకుంటుంది. ఆ గడువు గుర్తుపెట్టుకోవాల్సింది మనమే.

ఈ ఎపిసోడ్ మీ ఇంట్లో బండి చూసుకునే నాన్నకో, అన్నకో పంపించండి. మళ్ళీ ఇంకో కథతో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.